కడిగిన ఫ్లాస్కు

ఫ్లాస్కు కడిగి ఉంది. అన్నపూర్ణేశ్వరికి మొదట అనుమానం వచ్చింది అక్కడే.

వీరరాఘవులు ఇన్నేళ్ళ కాపురంలో తాగిన గ్లాసు సింకులో పెట్టిన పాపాన పోలేదు. గ్లాసు పేపరు మీద, పేపరు టీవీ మీద, టీవీ రిమోటు దిండు కింద. అదీ ఆయన పద్ధతి. అలాంటి మనిషి నిద్ర పరీక్షకని రాత్రంతా ఆసుపత్రిలో ఒళ్ళంతా వైర్లు తగిలించుకుని పడుకుని, గురువారం పొద్దున్నే ఢిల్లీ ద్వారకలో తమ ఫ్లాటుకి వచ్చి, సంచిలోంచి ఫ్లాస్కు తీసి వంటింటి గట్టు మీద పెట్టాడు. మూత విడిగా, లోపలి బిరడా విడిగా, ఫ్లాస్కు బోర్లించి. ఆవిడ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కాఫీ వాసన లేదు. ఆసుపత్రి సబ్బు వాసన వేసింది.

"ఎవరు కడిగారండీ దీన్ని?"

"నేనే. ఏం, కడక్కూడదా?"

"కడగచ్చు. ఎప్పుడూ చూళ్ళేదు గనక అడిగాను. నిద్ర పట్టిందా?"

"హాయిగా పట్టింది" అంటూ ఆయన తువ్వాలు భుజానేసుకుని స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ కళ్ళకీ ఆ మాటకీ ఎక్కడా పొంతన కుదరలేదు.

ఇంట్లోంచి మనిషి బయటికి వెళ్తుంటే చేతిలో కాఫీ ఫ్లాస్కు పెట్టడం ఆవిడ పుట్టింటివాళ్ళ ఆచారం. రైలెక్కినా, పరీక్షకెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా ఫ్లాస్కు ఉండాల్సిందే. బుధవారం సాయంత్రం కూడా ఆవిడ అడక్కుండానే ఫ్లాస్కు దించింది. ఆయన గుమ్మంలో నిలబడి, "డికాక్షన్ కాస్త చిక్కగా దిగనీ పూర్ణా" అన్నాడు. రోజూ చిక్కగా ఉందని దెప్పే మనిషి ఆ మాటనేసరికి ఆవిడ పొంగిపోయి ఫిల్టరులో ఇంకో చెంచా పొడి వేసింది.

ఆవిడ ఐటీఓ దగ్గర ఆడిట్ ఆఫీసులో పనిచేస్తుంది. చేరిన కొత్తలో ఆ సెక్షన్లో ఒక పెద్దాయన ఒక మాట చెప్పాడు. తప్పులున్న బిల్లును చూసి భయపడకమ్మా, తప్పుల్లేని బిల్లును చూసి భయపడు. ఆ మాట ఆవిడ ఆఫీసులోనే వదిలేసి వస్తే ఇంటికి బాగుండేది. వదల్లేదు. మెట్రోలో నిలబడి వెళ్తున్నంతసేపూ ఆవిడకి కడిగిన ఫ్లాస్కే గుర్తొచ్చింది.

రిపోర్టు శుక్రవారం సాయంత్రం వచ్చింది. దాంతోపాటు జిలేబీ కూడా వచ్చింది.

రాఘవులు బూట్లు విప్పకుండానే డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచాడు. మొదటి పేజీలో ఒక అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. "చూడు. నిద్రలో గంటకి నాలుగుసార్లు ఊపిరి ఆగిందిట. అయిదు లోపుంటే నార్మల్. ఇక్కడే రాశారు. నన్ను కుంభకర్ణుణ్ణి చేశారు గదా అందరూ కలిసి!"

ఆవిడ అలవాటు కొద్దీ కాగితాలు చివరినుంచి తిప్పింది. ఆఖరి పేజీలో ఏవో గ్రాఫులున్నాయి. ఒక గీత ఎత్తుగా గోడలా పోతూ, ఎక్కడో రెండు చోట్ల మాత్రం కిందికి దిగింది. అదేమిటో చూసేలోపు ఆయన కాగితాలు లాక్కున్నాడు.

"నీ ఆడిట్ చూపులు దీనిమీద పెట్టకు. త్యాగరాజొస్తున్నాడు."

త్యాగరాజుది కింది అంతస్తు, ఏదో మంత్రిత్వశాఖలో అధికారి. ఆయనా, పక్క బ్లాకులో ఉండే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కుర్రాడు నిరంజనూ, రాఘవులూ కలిసి రోజూ ఒకే కారులో ఆఫీసులకి వెళ్తారు. వారానికొకరి కారు. ఎవరి కారైతే ఆ వారం డ్రైవింగ్ వాళ్ళదే. ఢిల్లీలో సగం గవర్నమెంటు ఇలా పూల్ కార్లలోనే కదులుతుంది.

ఈ పూలుకి దీపావళి వెళ్ళాక దెబ్బ తగిలింది. ధౌలాకువా దగ్గర ఎర్రదీపం పడితే రాఘవులు తన శాంట్రో ఆపాడు. కారు ఆగింది గానీ ఆయన నిద్రలోకి జారాడు. కాలు బ్రేకు మీంచి జారి, కారు నెమ్మదిగా వెళ్ళి ముందున్న బ్లూలైన్ బస్సుకి తగిలింది. ఢిల్లీలో బ్లూలైన్ బస్సు వచ్చి మనల్ని గుద్దడం లోకసహజం. మనం వెళ్ళి దాన్ని గుద్దడం ఎవరూ ఎరగరు. కండక్టరు దిగొచ్చి, స్టీరింగు మీద గురక పెడుతున్న సాబ్‌ని చూసి తిట్టడం మరిచిపోయి నవ్వాడట. అప్పటినుంచీ ఆయన వారం వచ్చినప్పుడల్లా కారు ఆయనది, స్టీరింగు త్యాగరాజుది. పరీక్ష చేయించుకుని మంచి రిపోర్టు తెస్తే మళ్ళీ తాళం ఇస్తామన్నారు.

త్యాగరాజు, నిరంజన్ ఇద్దరూ వచ్చారు. జిలేబీ తింటూ మొదటి పేజీ చూశారు. రెండో పేజీ తిప్పలేదు.

"అయితే ఇంకేముందండీ! సోమవారం మీ వారమేగా, మీరే తోలండి" అన్నాడు త్యాగరాజు.

"రిపోర్ట్ మంచిగుంది సార్. మేమే పరేషాన్ అయినం" అన్నాడు నిరంజన్, వేళ్ళకంటిన పాకం రుమాలుకి తుడుచుకుంటూ.

రాఘవులు ఇద్దరికీ తలో జిరాక్సు కాపీ ఇచ్చాడు. ఇంకోటి అయస్కాంతంతో ఫ్రిజ్‌కి అతికించాడు. పూర్ణ చేతిలో జిలేబీ ముక్క తిరిగి పళ్ళెంలో పెట్టేసింది. సోమవారం వస్తోంది. జనవరి పొగమంచులో ఎదర కారు దీపాలే కనపడవు. ఈ ఇద్దరు మనుషుల్నీ, వీళ్ళని నమ్ముకున్న పెళ్ళాంబిడ్డల్నీ ఒక కాగితం ముక్క మీద కూర్చోబెట్టి తీసుకెళ్తాడీయన.

శనివారం మధ్యాహ్నం పప్పుచారన్నం తిని రాఘవులు సోఫాలో వెల్లకిలా వాలాడు. టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. పూర్ణ కింద చాప మీద కూర్చుని పచ్చిబఠాణీలు ఒలుస్తోంది. కాసేపటికి గురక మొదలైంది. గురకంటే ఆవిడకి భయం లేదు, అది ఉన్నంతసేపూ ధైర్యమే. భయమంతా అది ఆగినప్పుడే.

ఆగింది. ఆయన ఛాతీ ఎగరడానికి ప్రయత్నిస్తోంది, గొంతులోకి మాత్రం గాలి పోవడం లేదు. ఆవిడ చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది. ఏం తోచిందో ఏమో, తనూ ముక్కు బిగించి ఊపిరి ఆపింది. చూద్దాం, ఎవరు ముందు వదుల్తారో. టీవీలో హీరోయిన్ ఏడుపు పూర్తిచేసింది. పూర్ణ చెవుల్లో రక్తం కొట్టుకుంది, కళ్ళ ముందు మసకలొచ్చాయి. ఇక తాళలేక నోరు తెరిచి గాలి పీల్చుకుంది. ఆయన ఇంకా పీల్చుకోలేదు.

ఆవిడ లేవబోతుండగా ఆయన నీళ్ళలోంచి పైకి తేలిన మనిషిలా ఒక్కసారి ఎగశ్వాస తీసి, గుర్రుమని మళ్ళీ గురక అందుకున్నాడు. మెలకువ కూడా రాలేదు.

గంటకి నాలుగుట! గిన్నెలో బఠాణీలు అడుగు కప్పేలోపే అంతకన్నా ఎక్కువసార్లు ఆగింది. ఆ రిపోర్టు ఈ మనిషిది కానేకాదు. ఎవరో సన్నగా రివటలా ఉండే మనిషిది ఈయన చేతికిచ్చారు. పై అంతస్తు ఆవిడకి ఒకసారి ఏదో లాబ్‌లో ప్రోస్టేటు భేషుగ్గా ఉందని రాసిచ్చారు కదా. పూర్ణకి ఆసుపత్రి మీద ఒళ్ళు మండిపోయింది. ఫ్రిజ్ మీది కాపీ తీసి సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి మమ్మీ?" అంది లోపల చదువుకుంటున్న కూతురు నేహా. ప్లస్ టూ, సోమవారం నుంచి ప్రీబోర్డు పరీక్షలు.

"కూరగాయలకి."

"సబ్జీ తో కల్ హీ లాయీ థీ!"

"నిన్న కూరలు తెచ్చాను గానీ కొత్తిమీర మరిచిపోయాను" అంటూ ఆవిడ తలుపు దగ్గరికి లాగింది.

ఆసుపత్రిలో ఆ పరీక్ష చేసిన డాక్టర్ మైథిలి ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తెలుగులో అడిగితే అన్నీ అర్థమైనట్టు తలూపి, సగం హిందీలో జవాబిస్తుంది. పూర్ణ రిపోర్టు బల్ల మీద పెట్టి, దావా వేయడానికి వచ్చినట్టే అడిగింది.

"ఇది మావారిదేనా? ఎవరిదైనా మారిందా?"

డాక్టరు పేరు చూసింది, నంబరు చూసింది, కంప్యూటర్లో ఏదో నొక్కింది. "నహీఁ ఆంటీ, అంకుల్‌దే. వీడియో కూడా ఉంది. బదలా నహీఁ."

"మరి నార్మలని ఎలా రాశారు? ఇవ్వాళ మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. నేను ఊపిరి బిగబట్టి కూడా ఓడిపోయాను."

డాక్టరు పెన్ను తిరగేసి మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల మీద పెట్టింది. "నేను నార్మలని రాయలేదు ఆంటీ. నిద్ర చాల్లేదు, టెస్ట్ మళ్ళీ చేయాలి అని రాశాను. దేఖియే." ఆఖరి పేజీ తిప్పి ఆ గోడలాంటి గీత చూపించింది. "ఈ గీత పైన ఉన్నంతసేపూ అంకుల్ మేలుకునే ఉన్నారు. కిందికి దిగిన ఈ రెండుచోట్లే నిద్ర. మొత్తం రాత్రికి గంట పైన కొంచెం. అది కూడా పక్కకి తిరిగి, పైపైన. వెల్లకిలా పడుకోనే లేదు, కలలొచ్చే నిద్రకి వెళ్ళనే లేదు. ఊపిరి ఎక్కువగా ఆగేది అప్పుడే."

"మరి ఈ నాలుగు?"

"నిద్రపోయిన గంటకి లెక్క అది. పోకపోతే దేని లెక్క? పేపర్ రాయని పిల్లాడికి మిస్టేక్స్ ఎన్ని ఉంటాయి ఆంటీ?"

పూర్ణ ఆ గీత వెంట వేలు పోనిచ్చింది.

"అంకుల్‌కి ఫోన్లో చెప్పాను కదా. ఠీక్ హై అన్నారు. డ్రైవింగ్ వద్దని కూడా చెప్పాను." డాక్టరు పక్క కాగితం తిప్పి చూసింది. "బాత్‌రూమ్‌కి చాలాసార్లు లేచారు. మధ్యాహ్నం తర్వాత చాయ్, కాఫీ మనా హై, తాగొద్దని అంకుల్‌కి ముందే కాగితం ఇచ్చాం. ఫ్లాస్కులో వేడినీళ్ళని చెప్పారట స్టాఫ్‌కి, గొంతు బాగోలేదని."

పూర్ణకి చెంప మీద కొట్టినట్టయింది. ఇంకో చెంచా పొడి వేసిన చెయ్యి ఎవరిది? ఆసుపత్రిని అనుమానించింది, లాబ్ వాళ్ళని అనుమానించింది. తీరా చూస్తే కుట్ర తన వంటింట్లోనే, తన ఫిల్టరులోనే దిగింది. ఆటోలో కూర్చున్నాక కోపమూ సిగ్గూ కలిసి ఏడుపొచ్చింది. కొత్తిమీర కొనడం నిజంగానే మరిచిపోయింది.

ఆదివారం పొద్దున్న నేహా స్నేహితురాలింటికి చదువుకోవడానికి వెళ్ళాక, పూర్ణ ఫ్లాస్కు తెచ్చి ఆయన పేపరు మీద పెట్టింది.

"ఆసుపత్రిలో ఇందులో ఏముందని చెప్పారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చూపు సరాసరి ఫ్రిజ్ వైపు పోయింది. అక్కడ రిపోర్టు లేదు, అయస్కాంతం ఒక్కటే ఉంది.

"నన్నడక్కుండా వెళ్ళావా? ఇంట్లో కూడా ఆడిటేనా?"

"ఆసుపత్రివాళ్ళు దొంగలనుకుని వెళ్ళానండీ. దొంగ ఇంట్లోనే ఉన్నాడని వాళ్ళు చెప్పి పంపించారు."

"ఏం దొంగతనం చేశాను? ఎవడికన్నా లంచమిచ్చి అంకె మార్పించానా? యంత్రం ఎంత చూపిస్తే అంతే రాశారు."

"నిద్రపోలేదని కూడా రాశారు. మళ్ళీ చేయించుకోమనీ రాశారు. బండి తోలొద్దని మీ చెవిలో చెప్పారు."

రాఘవులు ఫ్లాస్కు మూత తిప్పాడు, బిగించాడు, మళ్ళీ తిప్పాడు. "నీకు తెలీదు పూర్ణా. వాళ్ళిద్దరూ ముందు కూర్చుని వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకుంటారు. నా కారులో నేను వెనక సీట్లో, వాళ్ళ టిఫిను డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని. ఇద్దరు మనుషులూ, ఒక సామానూ. నేను కాస్త కళ్ళు మూస్తే చాలు, ఆ కుర్రాడు అద్దంలో చూసి నవ్వుతాడు. రిటైరయ్యేదాకా నన్ను సామానులా వెళ్ళి రమ్మంటావా?"

ఆవిడకి జాలేసింది. జాలేసినంత మాత్రాన కోపం తగ్గలేదు. "రేపు పొగమంచండీ."

"మెల్లగా తోల్తాను."

"బస్సుకి తగిలించినప్పుడు మెల్లగా కాక ఏం తోలారు?"

ఆయన పేపరు విసిరేసి, చెప్పులేసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

పూర్ణ కూడా కిందికి దిగింది. త్యాగరాజు తలుపు దగ్గర నిలబడి గంట మీద వేలు పెట్టింది. చెప్పేస్తే మొగుడు రేపట్నించి కుంభకర్ణుడు కూడా కాడు, సొసైటీ మొత్తానికీ అబద్ధాలకోరు. చెప్పకపోతే ఈ తలుపు వెనకున్న ఆడమనిషికి తను ఏం మొహం చూపిస్తుంది? వేలు నొక్కేసింది. త్యాగరాజు భార్య తలుపు తీసి నవ్వుతూ, "రండి రండి, రిపోర్టు బాగా వచ్చిందటగా, మావారు చెప్పారు" అంది.

"కరివేపాకుంటే నాలుగు రెబ్బలిస్తారా?" అంది పూర్ణ.

ఇంట్లో బాల్కనీలో తొట్టినిండా కరివేపాకుంది. ఆ రెబ్బలు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతూ తనమీద తనకే అసహ్యం వేసింది. ఊళ్ళో కాంట్రాక్టర్ల బిల్లులన్నీ ఆపగలదు గానీ మొగుడి కారు ఒక్కటి ఆపలేదా? వంటింట్లోకి వచ్చి కరివేపాకు గట్టు మీద పడేసేసరికి ఏం చెయ్యాలో తోచింది.

సోమవారం పొద్దున్న పొగమంచులో ఎదురు బ్లాకు కనపడలేదు. నేహా సాక్సులు వేసుకుంటుంటే పూర్ణ అంది: "స్కూలు బస్సు వద్దు. నాన్నగారి కారులో వెళ్దువుగాని. ఆర్కే పురంలో మీ స్కూలు దార్లోదేగా. నేనూ వస్తున్నాను."

నేహా తలెత్తింది. "పాపా డ్రైవ్ కరేంగే? వో తో సో జాతే హైఁ, నిద్రపోతారు కదా మమ్మీ."

"రిపోర్టు నార్మలట."

"పక్కా?"

"మీ నాన్ననే అడుగు."

కింద రాఘవులు శాంట్రో అద్దాలు తుడుస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త మఫ్లరు, పెళ్ళికొడుకులా ఉన్నాడు. త్యాగరాజు, నిరంజన్ డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. తల్లీకూతుళ్ళు వచ్చేసరికి ఆయన చేతిలో గుడ్డ ఆగింది.

"నువ్వెక్కడికి?"

"మెట్రోలో తొక్కిసలాటగా ఉందండీ. మీ ఆఫీసు దగ్గర దింపండి, అక్కణ్ణించి ఆటోలో పోతాను. పిల్లని స్కూల్ దగ్గర దింపుదాం. నేహా, నువ్వు ముందు కూర్చో, చదువుకోవచ్చు."

మగవాళ్ళిద్దరి మధ్యా ఆవిడ వెనక సీట్లో ఇరుక్కుంది. బండి ఒక్క అడుగు కదిలితే సిగ్గూ శరమూ వదిలేసి, అరిచైనా సరే పిల్లని దించెయ్యాలి. ఆ మాట ముందే నిర్ణయించుకుంది. చెయ్యి ముందు సీటు వీపు మీద వేసి ఉంచింది.

నేహా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బెల్టు లాగి బిగించుకుంది. గట్టిగా ఉందో లేదోనని ఒకసారి గుంజి చూసింది. ఇంకోసారి గుంజింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"పాపా, రిపోర్ట్ పక్కా నార్మల్ హై నా?"

రాఘవులు తాళం పెట్టాడు. తిప్పలేదు. ముందద్దం సరిచేశాడు. అందులో పూర్ణ కళ్ళు కనిపించాయి కాబోలు, మళ్ళీ పక్కకి తిప్పాడు. గుడ్డ తీసుకుని లోపలి నుంచి అద్దం తుడిచాడు. పొగమంచు బయట ఉంది, ఎంత తుడిచినా అది పోదు. నేహా జవాబు కోసం చూసి చూసి పుస్తకంలోకి తలవంచింది, పెదాలు కదుపుతూ ఏదో సూత్రం వల్లె వేసుకుంటోంది. ఒక చెయ్యి మాత్రం బెల్టు మీదనే ఉంది.

"సార్, లేట్ అయితది" అన్నాడు నిరంజన్.

రాఘవులు తాళం బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. తలుపు తెరిచి దిగాడు. వెనక తలుపు దగ్గరికి వచ్చి తాళం త్యాగరాజుకి అందించాడు.

"మీరు పట్టండి త్యాగరాజు గారూ."

"అదేమిటండీ, మీ వారమేగా! రిపోర్టు కూడా..."

"రిపోర్టు సరిగ్గా రాలేదండీ." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రాత్రి నేను నిద్రపోలా. కాఫీ తాగి కూర్చున్నా. మళ్ళీ చేయించుకోవాలి. ఆ కాపీలు చింపెయ్యండి."

త్యాగరాజు తాళం తీసుకుని ముందుకి వెళ్ళాడు. కిటికీ పక్కన తను కూర్చోవడానికి పూర్ణ దిగి దారిచ్చింది, ఆయన మధ్యలో కూర్చున్నాడు. కూర్చుని, నిరంజన్ వైపు చేతులు చాచాడు.

"డబ్బాలు ఇలా ఇవ్వు బాబూ, నేను పట్టుకుంటాను."

నిరంజన్ ఇవ్వలేక ఇచ్చాడు. కారు కదిలింది. పూర్ణకి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ ఆ చేతులు రెండూ డబ్బాల మీదున్నాయి. అందుకని భుజం ఆనించి కూర్చుంది.

పాలం ఫ్లైఓవరు రాకముందే రాఘవులు తల వెనక్కి వాలింది. గురక మొదలైంది. నిరంజన్ మొహం మీదికి రోజూ వచ్చే నవ్వు సగం వచ్చింది. అంతలో గురక ఆగింది.

ఇన్నాళ్ళూ ముందు సీట్లో కూర్చుని, రేడియో పెట్టుకుని విన్నవాళ్ళకి గురకే వినిపించింది గానీ ఆగడం ఎప్పుడూ వినపడలేదు. ఇప్పుడు మనిషి పక్కనే ఉన్నాడు. నోరు తెరుచుకునే ఉంది, ఛాతీ కొట్టుకుంటోంది, ఊపిరి లేదు. ఒళ్ళో డబ్బాలు కదలడం లేదు. నేహా వల్లె వేయడం ఆపి వెనక్కి తిరిగింది. త్యాగరాజు రేడియో కట్టేశాడు. నిరంజన్ నవ్వు ఎటు పోయిందో పోయింది.

"ఆంటీ" అన్నాడు మెల్లగా, "ఎప్పుడూ ఇట్లనేనా?"

"ఎప్పుడూ ఇంతే నాయనా" అంది పూర్ణ. మోచేత్తో ఆయన డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

రాఘవులు పెద్దగా ఊపిరి పీల్చుకుని తల ఆవిడ వైపు వాల్చాడు. త్యాగరాజు తనకి తెలియకుండానే ఎత్తేసిన కాలిని మళ్ళీ యాక్సిలరేటరు మీద పెట్టాడు.